వంత లేని ర్యాప్: తొలితరం హిప్‌హాప్, ప్రధానస్రవంతి ర్యాప్ – తెలుగు కథాగాన దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

పాత హిప్‌హాప్ మేలైనదని, నేటి ర్యాప్‌లో పస లేదని శ్రోతల్లోనూ విమర్శకుల్లోనూ బలమైన అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయానికి కాలం ఒక్కటే ఆధారమైతే అది అభిమానంగా మిగులుతుంది, విమర్శ కాదు. తెలుగు కథాగాన సంప్రదాయంలోని ‘వంత’ అనే భావనను కొలమానంగా తీసుకొని తొలితరం హిప్‌హాప్‌లోని కొన్ని ప్రధాన రచనలను, తర్వాతి ప్రధానస్రవంతి ర్యాప్‌ను, తెలుగు సినిమా ర్యాప్‌ను, నిజామాబాద్–బోధన్ ప్రాంతంలో డీజే పాటల వాడుకను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలితరం ఆధిక్యానికి కారణం ప్రాసలోనో లయలోనో దొరకదని, మాటకు ఎదురుమాట వచ్చే చోటును రూపంలోనే నిలుపుకోవడంలో ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హిప్‌హాప్, ర్యాప్, వంత, బుర్రకథ, ఒగ్గుకథ, రగడ, బతుకమ్మ, ఎడపల్లి, బోధన్.

1. ప్రస్తావన

నిజామాబాద్ నుండి బోధన్ వెళ్లే దారిలో ఉన్న ఎడపల్లి వంటి ఊళ్లలో పెళ్లిళ్ల కాలంలో రెండు ఫిర్యాదులు పక్కపక్కనే వినిపిస్తాయి. బరాత్ ముందు నడిచే డీజే బండిని చూసి పాటలో మోత తప్ప మాట లేదని పెద్దలు అంటారు. చరవాణిలో అమెరికన్ ర్యాప్ విని పెరిగి ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లకు చేరినవారు నేటి ర్యాప్ గురించి దాదాపు అదే మాట అంటారు. మొదటివారికి ఒగ్గుకథ, రెండోవారికి 1980, 1990ల హిప్‌హాప్ పోగొట్టుకున్న సొత్తు. ఈ రెండు వర్గాలూ ఒకదాని ఇష్టాన్ని మరొకటి ఒప్పుకోవు. అయినా రెండు ఫిర్యాదుల రూపం ఒకటే.

ఇలాంటి ఫిర్యాదును పరిశోధన భాషలోకి తీసుకునేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. పాతకాలపు రచనల్లో ఇప్పటిదాకా నిలిచినవి జల్లెడలో మిగిలిన గింజలు. నేటివి ఇంకా జల్లెడ పట్టని రాశి. మనుచరిత్రను నిన్న అచ్చయిన పద్యసంపుటితో పోల్చి ప్రబంధయుగమే గొప్పదని తేల్చితే ఎంత న్యాయమో, 1988 నాటి ఉత్తమ ర్యాప్‌ను ఈ వారం ఎక్కువగా వినిపిస్తున్న పాటతో పోల్చి తీర్పు చెప్పడమూ అంతే న్యాయం. కాబట్టి కాలాన్ని పక్కన పెట్టి, రూపంలో కనిపించే ఒక లక్షణాన్ని కొలమానంగా ఎంచుకోవాలి. అలాంటి లక్షణం తెలుగు కథాగానంలో సిద్ధంగా ఉంది.

2. వంత చేసే పని

‘వంత పాడటం’ అనే పలుకుబడికి వాడుకలో నింద అంటుకుంది. పెద్దవాడు ఏమన్నా తలూపేవాణ్ణి వంతపాటగాడు అంటున్నాం. ఈ వాడుక వంతగాడికి చాలా అన్యాయం చేసింది. బుర్రకథలో తంబుర పట్టి, అందెలు మోగిస్తూ నడుమ నిలిచే కథకుడికి ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు ఉంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయ వ్యాఖ్యానం. వీరు కథకుడి పాదాన్ని అందుకొని తిరిగి పాడతారు. అయితే వారి పని అక్కడితో ముగియదు. అర్థం కానట్టు నటించి అడుగుతారు, రాజుగారి మాటను ఎద్దేవా చేస్తారు, కథలోని జమీందారును నేటి ఊరి దొరతో ముడిపెడతారు. కథకుడు ఆగి జవాబు చెప్పుకోవాలి. వీరగాథ పొగడ్తగా గడ్డకట్టకుండా కాపాడేది ఈ అడ్డుతగలడమే. షేక్ నాజర్ బుర్రకథను ఆధునిక రాజకీయ ప్రచారానికి అంత సమర్థంగా వాడగలగడానికి ఆయన ప్రతిభతోపాటు ఈ నిర్మాణమూ కారణం.

ఒగ్గుకథలో అమరిక వేరు. డోలు, తాళాల నడుమ ప్రధాన కథకుడు మల్లన్న కథనో బీరప్ప కథనో నడుపుతుంటే సహాయకుడు ఊకొడతాడు, ప్రశ్నిస్తాడు, అవసరమైనప్పుడు ఆడపాత్ర అవుతాడు. చుక్క సత్తయ్య ప్రదర్శనలు చూసినవారికి కథ ఎంత గుర్తుందో ఆ ఎదురుమాటల మెరుపూ అంత గుర్తుంటుంది. బతుకమ్మలో ఒకరు పాదం ఎత్తుకుంటే వలయమంతా ‘ఉయ్యాలో’ అని అందుకుంటుంది. అక్కడ శ్రోత అనే వేరే మనిషే ఉండదు. పెళ్లిలో వియ్యాలవారి పాటల్లో ఆడపెళ్లివారు ఒక దెప్పుపాట వదిలితే మగపెళ్లివారి స్త్రీలు దానికి తగిన జవాబు పాడి తీరాలి. పాడలేకపోతే అది ఓటమి.

ఈ రూపాలన్నిటినీ కలిపే అంశానికి ఇక్కడ వంత అని పేరు పెట్టుకోవచ్చు. పాడేవాడి మాట ఇంకో గొంతు ముందు నిలబడి తీరాలన్న ఏర్పాటు అది. ఆ గొంతు ఒప్పుకోవచ్చు, వెక్కిరించవచ్చు, కాదనవచ్చు.

3. తొలితరం హిప్‌హాప్‌లో రెండో గొంతు

హిప్‌హాప్ పుట్టుకకు చరిత్రకారులు సాధారణంగా చెప్పే తేదీ 1973 ఆగస్టు 11. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో, బడులు తెరిచే ముందు సిండీ క్యాంప్‌బెల్ ఏర్పాటు చేసిన విందులో ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్ రికార్డులు వాయించాడు. జమైకాలో పుట్టిన ఆ యువకుడే డీజే కూల్ హెర్క్. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్కన ఉంచి, పాటలో గొంతు ఆగి డప్పు మాత్రమే మిగిలే చోటును మార్చిమార్చి వాయిస్తూ సాగదీయడం అతని నేర్పు. ఆ సాగిన డప్పు మీద అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకు అందుకొని, వచ్చిన స్నేహితుల పేర్లు పెట్టి పిలిచేవాడు. అంటే ర్యాప్‌కు పూర్వరూపం ఎదుటివాణ్ణి పేరుతో పిలవడం. మన పెళ్లిళ్లలో చదివింపులు చదివేవాడు పేరు పిలిచినప్పుడు ఆ మనిషి సభలో కొంచెం సర్దుకొని కూర్చోవడం చూసినవారికి ఈ పిలుపు బలం వేరే వివరించనక్కరలేదు.

ఆనాటి బ్రాంక్స్ పరిస్థితి తెలిసిందే. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే నిర్మాణం వేల కుటుంబాలను కదిలించింది. కర్మాగారాల ఉద్యోగాలు పోయాయి. 1970లలో ఇళ్లు వరుసగా తగలబడ్డాయి. 1975లో నగరమే దివాలా అంచుకు చేరింది. ఈ నేపథ్యాన్ని, అందులో పుట్టిన కళను విశ్వవిద్యాలయ పరిశోధనలోకి తెచ్చిన తొలి గ్రంథాల్లో ట్రిషియా రోజ్ 1994లో ప్రచురించిన ‘బ్లాక్ నాయిస్’ ముఖ్యమైనది. హిప్‌హాప్ కళలన్నిటిలో ధార, పొరలు, తెగిన చోట్లు అనే మూడు లక్షణాలను ఆమె గుర్తించింది. ఆమె చెప్పిన తెగిన చోటులోకే వంత ప్రవేశిస్తుందని ఈ వ్యాసం భావిస్తుంది. ధార ఎక్కడా తెగకపోతే ఇంకో గొంతుకు చోటు దొరకదు.

1982లో వెలువడిన ‘ద మెసేజ్’ దీనికి తగిన ఉదాహరణ. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పేరుతో వచ్చినా అందులో వినిపించే ప్రధాన స్వరాలు మెలీ మెల్, డ్యూక్ బూటీలవి. పేదల వాడలో బతుకు ఎంత ఇరుకో చెప్పే ఆ పాట గురించి రాసేవారు సాధారణంగా దాని వస్తువునే మెచ్చుకుంటారు. దాని చివరను అంతగా పట్టించుకోరు. పాట ఆగిపోయాక బృందంలోని యువకులు వీధిలో కలుసుకొని పలకరించుకుంటారు. పోలీసులు వచ్చి వారిని పట్టుకుపోతారు. అంతదాకా ఒక మనిషి గోడుగా సాగినది చివర్లో నలుగురి సంభాషణగా, ఆ సంభాషణను మధ్యలో తెంపే అధికారపు గొంతుగా మారుతుంది. మన వీధినాటకపు నడక ఇందులో ఉంది.

పబ్లిక్ ఎనిమీ బృందం దగ్గరికి వస్తే పోలిక ఇంకా దగ్గరవుతుంది. 1988లో వచ్చిన వారి రెండో ఆల్బమ్‌లో చక్ డి గంభీరమైన కథకుడు. ఫ్లేవర్ ఫ్లావ్ మెడలో పెద్ద గడియారం వేలాడదీసుకొని, చక్ డి వాక్యం ముగిసే చోట ఎగతాళిగా, ఆశ్చర్యంగా, కొన్నిసార్లు అర్థం లేని అరుపుగా అడ్డుతగులుతాడు. అమెరికన్ విమర్శ ఇతణ్ణి ‘హైప్ మ్యాన్’ అనే పేరుతో సరిపెట్టింది, అంటే ఉత్సాహం పెంచేవాడు. బుర్రకథ తెలిసిన పాఠకుడికి ఇతడు హాస్యపు వంత. ఇతణ్ణి తీసేస్తే చక్ డి మాట ఉపన్యాసంగా మారే ప్రమాదం ఉంది. రాజకీయ కవిత్వం పలుచబడిన చోట్ల మన భాషలోనూ ఇదే జరిగింది, కథకుడు మిగిలాడు, హాస్యం వెళ్లిపోయింది. రన్-డీఎంసీ జంట వాక్యాన్ని ఒకరు మొదలుపెట్టి మరొకరు ముగించే పద్ధతి ఇంకో రకం వంత. అక్కడ వాదం లేదు, భారం పంచుకోవడం ఉంది.

వంత పాట లోపలే ఉండాలన్న నియమం లేదు. 1984లో యూటీఎఫ్ఓ అనే మగ బృందం తమను లెక్కచేయని రాక్సాన్ అనే అమ్మాయిని గురించి ఒక పాట విడుదల చేసింది. అదే ఏడాది క్వీన్స్‌బ్రిడ్జ్ వాడకు చెందిన 14 ఏళ్ల బాలిక ఆ అమ్మాయి తానేనన్నట్టు రాక్సాన్ శాంటే పేరుతో జవాబు పాట పాడింది. దానికి మరిన్ని జవాబులు, వాటికి ప్రతిజవాబులు వచ్చి ఒక పెద్ద పాటల తగవుగా సాగింది. ఇది సరిగ్గా వియ్యాలవారి పాటల పద్ధతి. మగ గొంతు ఎగతాళి చేసిన ఆడపిల్ల పాటలోంచి లేచి వచ్చి ఎదురు పాడింది, రూపం అందుకు ఒప్పుకుంది. తొలితరం ర్యాప్‌లో స్త్రీని కించపరిచే మాటలకు కొరత లేదు. ఎన్.డబ్ల్యూ.ఏ. రికార్డులు విన్నవారెవరూ ఆ కాలాన్ని నిష్కల్మషమని అనలేరు. అయినా ఆ మాటకు జవాబు చెప్పే తలుపు అప్పట్లో తెరిచి ఉంది. శాంటే నుండి 1989 నాటి క్వీన్ లతీఫా దాకా ఎందరో ఆ తలుపు గుండానే వచ్చారు.

స్వోత్కర్షను కూడా ఇదే వెలుగులో చూడాలి. ర్యాప్ అంటే సొంత డబ్బా అని తెలుగు పాఠకుల్లో ఒక చిన్నచూపు ఉంది. తిరుపతి వేంకట కవుల ‘గీరతం’ చదివినవారు ఆ మాట అనడానికి తటపటాయిస్తారు. వారికీ కొప్పరపు సోదర కవులకూ నడిచిన స్పర్ధలో ఆత్మప్రశంస తక్కువేమీ కాదు. అయితే ఆ ప్రశంస ప్రత్యర్థి ముందు, సభ ముందు చేసినది. మర్నాడే దానికి పద్యంలో జవాబు వస్తుంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగి పని కూడా అవధాని మహత్తును పరీక్షకు పెట్టడమే. 1981లో హార్లెమ్‌లో కూల్ మో డీ, బిజీ బీ తలపడ్డ సభ హిప్‌హాప్ చరిత్రలో నిలిచిపోయింది. అక్కడి గొప్పలు అలాంటి సభలో చెప్పినవే.

4. నడక, ప్రాస: నింద నిలవని చోటు

నేటి ర్యాప్‌పై ఎక్కువగా వినిపించే నింద నడకకు సంబంధించినది. ఒక దెబ్బకు మూడు అక్షరాలు పలికే పద్ధతి 2013లో మీగోస్ బృందం ‘వర్సాచే’ పాటతో విస్తృతంగా వ్యాపించింది. అందరూ అదే నడక నడుస్తున్నారని పాత అభిమానుల ఫిర్యాదు. తెలుగు ఛందస్సు తెలిసినవారికి ఈ నింద విచిత్రంగా తోస్తుంది. ర్యాప్‌లో ఒక ఆవృత్తానికి నాలుగు దెబ్బలు. పాత పద్ధతిలో ఒక్కో దెబ్బను నాలుగుగా విభజిస్తే పదహారు భాగాలు వస్తాయి. మధురగతి రగడ పాదంలో నాలుగు చతుర్మాత్రా గణాలు, పదహారు మాత్రలు. కొత్త పద్ధతిలో దెబ్బకు మూడు చొప్పున పన్నెండు వస్తాయి. హయప్రచార రగడ పాదంలో నాలుగు త్రిమాత్రా గణాలు, పన్నెండు మాత్రలు. చతురశ్రం ఉత్తమం, త్రిశ్రం అధమం అని మన లాక్షణికులెవరూ అనలేదు. ఇంగ్లీషు పలుకు ఊనికపై నడుస్తుంది, తెలుగు పలుకు మాత్రపై నడుస్తుంది కనుక ఈ పోలికను లెక్కకు మించి లాగరాదు. అయినా నడకను బట్టి పాతకొత్తల తారతమ్యం తేల్చలేమని చూపడానికి ఇది చాలు.

రగడకు ఇంకో ప్రత్యేకత ఉంది. రెండు పాదాలను అంత్యప్రాస కలుపుతుంది, పాదం నడుమ మూడో గణం మొదట యతి కుదురుతుంది. ర్యాప్‌లో స్నేర్ దెబ్బ సాధారణంగా రెండో, నాలుగో స్థానాల్లో పడుతుంది. అంటే యతి అక్షరం మొదటి స్నేర్ దెబ్బ వెనువెంటనే వస్తుంది. ఈ అమరికను తెలుగు ర్యాపర్లు ఎంతో వాడుకోవచ్చు. ఇప్పటి తెలుగు ర్యాప్ మాత్రం ఎక్కువగా అంత్యప్రాసతోనే తృప్తిపడుతోంది. 1987లో ఎరిక్ బీ, రకిమ్ జంట తొలి ఆల్బమ్‌తో రకిమ్ ఇంగ్లీషు ర్యాప్‌లో తెచ్చిన మార్పు ప్రాసను పాదాంతం నుండి పాదం లోపలికి దించడమే. మన సీసపద్యంలో ప్రాసయతి ఎప్పటినుంచో ఆ పని చేస్తోంది. ఇంట్లో ఉన్నది మరిచి పొరుగింటి పాతబట్ట తెచ్చుకున్నట్టు తెలుగు ర్యాప్ ఇంగ్లీషు వదిలేయబోతున్న పద్ధతిని అరువు తెచ్చుకుంది. (రగడ అంటే వాడుకలో తగవు అనే అర్థం కూడా ఉండటం ర్యాప్‌కు ఎంత అచ్చివచ్చేదో!)

5. రెండో గొంతు తగ్గిన తీరు

తగ్గుదలకు కళాకారుల నైతిక పతనం కారణమనడం తేలిక. న్యాయస్థానం, యంత్రం, బజారు కలిసి చేసిన పని అంతకంటే పెద్దది.

పాత రికార్డులోని ముక్కను తెచ్చి కొత్త పాటలో కలపడం తొలితరం హిప్‌హాప్‌కు ప్రాణం. పబ్లిక్ ఎనిమీ పాటల్లో ఒకే క్షణంలో అనేక పాత రికార్డులు పొరలుగా మోగుతాయి. ఆ ముక్క కూడా ఒక వంతే. తాతల కాలపు గొంతు మనుమడి మాటకు ఊకొట్టడం అది. 1991లో గ్రాండ్ అప్‌రైట్ మ్యూజిక్ సంస్థ వార్నర్ బ్రదర్స్ రికార్డ్స్‌పై వేసిన దావాలో, బిజ్ మార్కీ పాటకు సంబంధించి వచ్చిన తీర్పు అనుమతి లేకుండా అలా వాడటాన్ని దొంగతనంగా చూసింది. అప్పటినుండి ప్రతి ముక్కకూ అనుమతి కావాలి, డబ్బు కావాలి. పొరలు పలుచబడ్డాయి. యంత్రంపై కొత్తగా కట్టిన సంగీతం చౌక అయింది. అందులో సొగసు లేదనలేం, కానీ అందులో మరో మనిషి గొంతు ఉండదు.

తర్వాత వినికిడి లెక్క మారింది. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక వినికిడిగా లెక్క. ఆ లెక్కలో పాట మొదటి క్షణంలోనే శ్రోతను పట్టేయాలి. ఎదుటివాడు మాట్లాడేదాకా ఆగే ఓపిక ఆ నిర్మాణంలో ఇమడదు. ఆ ఖాళీని యాడ్-లిబ్ అనే చిన్న అరుపు నింపింది. మీగోస్ వంటి ముగ్గురి బృందంలో ఒకరి పాదానికి ఇంకొకరు అరుపు అందించడం ఉంది, అక్కడ వంత ఛాయ మిగిలింది. ఒంటరి కళాకారుల పాటల్లో మాత్రం పాడినవాడే తన పాదం వెనుక తన గొంతునే మళ్లీ ముద్రించుకుంటాడు. తనకు తానే ఊకొట్టుకునే ఒగ్గు కథకుణ్ణి ఊహించుకుంటే దీని వింత తెలుస్తుంది. ఆ అరుపు ఎన్నడూ ప్రశ్న అడగదు.

ఈ కొలమానం కాలాన్ని గుడ్డిగా అనుసరించదని రెండు ఉదాహరణలు చూపుతాయి. 1979లో ర్యాప్‌ను బజారుకు తెచ్చిన ‘రాపర్స్ డిలైట్’ పాతదే. ముగ్గురు పాడిన ఆ పాటలో ఒకరి చరణాలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే మరో కళాకారుడివి, ఆయనకు అందులో పేరు దక్కలేదు. ఇంకొకరి గొంతును మింగేయడం హిప్‌హాప్ తొలి విజయంలోనే ఉంది. ఇక కెండ్రిక్ లమార్ కొత్తవాడే, ప్రధానస్రవంతివాడే. 2018లో ఆయన ఆల్బమ్ ‘డ్యామ్’ సంగీత విభాగంలో పులిట్జర్ బహుమతి పొందింది. అంతకంటే ఈ చర్చకు ముఖ్యమైనది 2015 నాటి ‘ఆల్‌రైట్’. పోలీసు హింసకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చినవారు ఆ పల్లవిని తమ నినాదంగా అందుకున్నారు. వంత స్టూడియోలో లేకపోయినా రోడ్డు మీద పుట్టింది.

6. తెలుగు తెరపై ర్యాప్

తెలుగు శ్రోతల్లో ఎక్కువమందికి ర్యాప్ తొలి పరిచయం 1994లో తమిళ ‘కాదలన్’ అనువాదంగా వచ్చిన ‘ప్రేమికుడు’లోని పేట ర్యాప్. తమిళ మూలంలో సురేశ్ పీటర్స్, షాహుల్ హమీద్‌లతోపాటు జానపద గాయని తేని కుంజరమ్మ గొంతు కలిపింది. కొత్త నడక పలికే కుర్రగొంతు పక్కన ఒక ముసలమ్మ పల్లెగొంతును నిలపాలని ఎ.ఆర్. రెహమాన్‌కు తోచడం చిన్న విషయం కాదు. పేటను గురించిన పాటలో పేట తానే పలికింది.

ఆ దారిని తెలుగు సినిమా కొనసాగించలేదు. 2008లో బాబా సెహగల్ పాడిన ‘జల్సా’ శీర్షికగీతం వంటివి వినోదంగా బాగున్నాయి. అయితే మొత్తం మీద తెలుగు సినిమాలో ర్యాప్ కథానాయకుడి ప్రవేశానికి, అతని కీర్తికి అలంకారంగా స్థిరపడింది. ప్రత్యర్థి లేని సభలో చెప్పుకునే గొప్ప అది. అవధాని ఒక్కడే వేదికపై కూర్చొని, పృచ్ఛకులను ఇంటికి పంపి, తనకు తాను సమస్యలు ఇచ్చుకున్నట్టు. సినిమా వెలుపల హైదరాబాద్ వాడుక తెలుగును ర్యాప్‌లోకి తెచ్చిన రోల్ రైడా, ప్రణవ్ చాగంటి, నోయెల్ వంటివారి కృషి వేరుగా పరిశీలించదగినది. వారి మాటలో ఊరి వాసన ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి పాడిన చోట సంభాషణ కూడా మొలకెత్తింది. విశ్వవిద్యాలయాల్లో దీనిపై పరిశోధన చేయదలచినవారు పదజాలాన్ని లెక్కించే ముందు ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో గుర్తించడం మేలు.

7. బరాత్, బతుకమ్మ, మిల్లు

ఎడపల్లి, బోధన్ ప్రాంతంలో ర్యాప్ నేరుగా తక్కువ వినిపిస్తుంది. దాని సంగీతం, దాని మోత, దాని తెంపులు డీజే జానపదం రూపంలో చేరాయి. యూట్యూబ్ కోసం తయారయ్యే జానపద పాటకు లోతైన డ్రమ్ దెబ్బలు జోడించిన రీమిక్స్ బరాత్‌లో, వినాయక నిమజ్జనంలో, బోనాల్లో మోగుతుంది. వీటిలో కొన్ని పాటల పదసంపద చాలా చక్కనిది. బావామరదళ్ల సరసంలో పల్లె తెలంగాణం గట్టిగా పలుకుతుంది. ఇబ్బంది అంతా వినే పద్ధతిలో ఉంది. ఎదురుకోళ్ల దగ్గర, అప్పగింతల దగ్గర వియ్యపురాళ్లు పాడుకునే దెప్పుపాటలను బండి మీది పెట్టెల మోత మింగేసింది. ఆ మోతలో ఒకావిడ జవాబు పాడినా పక్కావిడకు వినబడదు. రాక్సాన్ శాంటేకు దొరికిన తలుపు ఇక్కడి పెళ్లిపందిట్లో మూసుకుపోతోంది.

బతుకమ్మ దగ్గర మార్పు ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. పెట్టెలో పాట మోగుతున్నప్పుడు వలయంలోని స్త్రీలు చప్పట్లు కొడతారు, అడుగులు వేస్తారు, కానీ ‘ఉయ్యాలో’ అనే బాధ్యత పెట్టె తీసుకుంటుంది. పాదం ఎత్తుకునే పెద్దమ్మకు మతిమరుపు వస్తే పక్కావిడ అందించే అవకాశం, కొత్త కోడలు తన పుట్టింటి పాదం కలిపే అవకాశం రెండూ పోతాయి. పాఠాంతరం పుట్టే చోటు పోవడమంటే జానపదగేయం పెరగడం ఆగడమే.

ఈ నష్టం ఈ ప్రాంతంలో ఎందుకు బరువైనదో చెప్పుకోవాలి. నిజాంసాగర్ నీటిని ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. శక్కర్‌నగర్ అనే పేటే దాని చుట్టూ ఏర్పడింది. 2002లో అందులో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో గానుగ ఆగింది. కొట్టిన చెరకు ఎక్కువ రోజులు ఆగదు, దగ్గర మిల్లు లేని చెరకు రైతుకు అప్పు మిగులుస్తుంది. పొలాలు వరికి మళ్లాయి. బీడీలు చుట్టే స్త్రీల చేతులపై, గల్ఫ్‌కు వెళ్లినవారి డబ్బుపై ఇళ్లు నడుస్తున్నాయి. బ్రాంక్స్‌తో ఈ ఊళ్లను సమానం చేయడం సరికాదు. అక్కడి జాతివివక్ష చరిత్ర వేరు, ఇక్కడి భూసంబంధాల చరిత్ర వేరు. (‘రాపర్స్ డిలైట్’ను వెలువరించిన షుగర్ హిల్ సంస్థ పేరు హార్లెమ్‌లోని ఒక సంపన్న పేటది. శక్కర్‌నగర్ పేరులోని తీపికి చెరకు కారణం, ఆ పేరులోని తీపికి చెరకుతో పని లేదు.) పోల్చదగినది ఒక్కటే. అక్కడ పని పోయినవారి పిల్లలు మాట్లాడుకోవడానికి ఒక రూపం కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. ఇక్కడ ఆ రూపం ముందే ఉంది.

దానికి ఈ జిల్లా చరిత్రే సాక్ష్యం. 1948లో నిజామాబాద్ జైలులో వట్టికోట ఆళ్వారుస్వామితోపాటు బందీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడపై పద్యాలు రాశాడు. న్యూయార్క్ కుర్రాళ్లు గోడలపై పేర్లు రాయడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందుమాట ఇది. ఆ పద్యాలకు తోటి ఖైదీలే పాఠకులు. 2002లో నాటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డిలో తెలంగాణ ధూంధాం మొదలైనప్పుడు వేదికపై పాడినవాడి పాదాన్ని మైదానం అందుకుంది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి నుండి గద్దర్ తెచ్చిన పద్ధతి, అంటే గొంగడి, గజ్జెలు, నడుమ ఆగి జనంతో మాట్లాడటం, పక్కవారు ఎదురు అడగడం, అక్కడ ఇంకో తరానికి చేరింది. తర్వాత ధూంధాం పాటలు ఆడియోలుగా, వీడియోలుగా, చివరికి డీజే రీమిక్సులుగా మారాయి. పాఠం చెక్కుచెదరలేదు. జనం గొంతు మాత్రం ముందే ముద్రించిన కోరస్ అయింది.

8. అచ్చులో జారిన వంత

ఇంతవరకు వచ్చిన వాదం ప్రకారం నిందను డీజే బండి మీదో అట్లాంటా స్టూడియో మీదో పెట్టి వదిలేయడం కుదరదు. వంతను తీసేసే అలవాటు మొదట అచ్చులో వచ్చింది. 1950లలో బిరుదురాజు రామరాజు పరిశోధనతో ఉస్మానియాలో జానపదగేయ అధ్యయనానికి విశ్వవిద్యాలయ గౌరవం దక్కింది. ఆ తర్వాత సేకరణలు విస్తారంగా వెలువడ్డాయి. వాటిలో సాధారణంగా పాటించే ముద్రణ పద్ధతి ఒకటుంది. వంతను మొదటి పాదం దగ్గర ఒకసారి అచ్చువేసి, ఆపై రెండు నిలువు గీతల నడుమ తొలి అక్షరం మాత్రం ఇస్తారు. కొన్ని చోట్ల అదీ ఉండదు. కాగితం ఖర్చు దృష్ట్యా అది సబబే. కానీ ఆ గీతల నడుమ ఏమి జరిగిందో పాఠకుడికి తెలియదు. ప్రతిసారీ వంత ఒకేలా వచ్చిందా, నాలుగోసారి స్వరం మారిందా, ఎవరైనా నవ్వారా, ఒగ్గు సహాయకుడు అడిగిన ప్రశ్న ఆ ఊరికే ప్రత్యేకమా, ఇవేవీ మిగలవు. సంకలనకర్తకు పాఠం కథకుడిది, సహాయకుడి మాటలు ప్రదర్శనలోని సందడి. ఒగ్గుకథను కావ్యంలా చదవడం నేర్చిన తరగతి గదికి ర్యాప్‌ను ‘లిరిక్స్’గా చదవడం కష్టమనిపించకపోవడానికి ఇదే కారణం. ఫ్లేవర్ ఫ్లావ్ అరుపులు ముద్రిత పాఠాల్లో కుండలీకరణాల్లోకి వెళ్లినట్టే మన వంతగాడు నిలువు గీతల మధ్యకు వెళ్లాడు.

బోధన్ పరిసరాల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ ఒకే బజారులో వినిపిస్తాయి. కాలువ కింది క్యాంపుల్లో స్థిరపడిన కోస్తా కుటుంబాల మాటతీరు ఇంకొకటి. ఈ ప్రాంతంలో బతుకమ్మ పాటనో ఒగ్గుకథనో కొత్తగా రికార్డు చేసే పరిశోధకుడు మైకు ఒక్కటే తీసుకెళ్తే దాన్ని సహజంగా కథకుడి ముందే పెడతాడు. రెండో మైకు వంత వైపు పెట్టి, రెండు గొంతులనూ ఎదురెదురు నిలువు వరుసల్లో అచ్చువేస్తే, ఏ పాదం దగ్గర వంత ఏ భాషలోకి జారిందో, ఎక్కడ కథకుణ్ణి ఆపిందో తొలిసారిగా కంటికి కనబడుతుంది.